రంపపు గొయ్యి నుండి టింబర్ డిపో దాకా

మన సొసైటీ కార్యదర్శి గారు ఈ సంవత్సరం సావనీరుకు చరిత్ర మీద ఒక వ్యాసం వ్రాసి ఇమ్మని అడిగినప్పుడు వెంటనే ఒప్పుకున్నాను గాని, ఏ చరిత్ర అన్నది చాలా రోజులు తేలలేదు. చరిత్ర అంటే మనవాళ్ళకు గోల్కొండ, ఔరంగజేబు, టిప్పు సుల్తాను. అవి పాఠ్యపుస్తకాలలో ఉన్నాయి, ఏటా పిల్లలకు చెబుతూనే ఉన్నాను. మన తాతలు ఈ ఊళ్ళో ఏ పని చేసి బ్రతికారన్న సంగతి మాత్రం ఏ పాఠంలోనూ లేదు. అది ఖాతా పుస్తకాలలో ఉంది. అటువంటి పుస్తకం ఒకటి ఈమధ్య నా చేతికి వచ్చింది గనుక ఈ వ్యాసం కలప వ్యాపారం గూర్చి.

పుస్తకం ఎవరిదో వ్రాయను. మూడు తరాలుగా కలపలో ఉన్న కుటుంబం అని మాత్రం చెబుతాను. పెద్దాయన మనవడు ఒక ఆదివారం గుడ్డసంచిలో పెట్టి తెచ్చాడు. "మాష్టారూ, మా దాదా చేతివ్రాత. ఇంట్లో ఎవరికీ చదవడం రాదు. కాస్త చూసి పెట్టండి" అన్నాడు. ఇంగ్లీషు మీడియంలో చదివి కంప్యూటరులో జి.ఎస్.టి. లెక్కలు వేసే కుర్రవాడు. అతన్ని తప్పుపట్టను. ఉర్దూ చదివి ఏం చేస్తాడని వాళ్ళ నాన్నే నాతో ఒకసారి వాదించాడు.

నాకూ అంత సులువుగా లొంగలేదు ఆ వ్రాత. భాష ఉర్దూయే గాని చెట్ల పేర్లన్నీ తెలుగు. మద్ది, ఏగిస, బండారు, గుగ్గిలం, పనస, వేప - అన్నీ ఉర్దూ అక్షరాలలో! ఉర్దూలో మన ‘ళ’ లేదు, ‘ణ’ లేదు. అచ్చులకు గుర్తులు కూడా ఆయన ఎక్కడా పెట్టలేదు. ఒక్కొక్క మాటనూ పైకి పలికి చూస్తేగాని అది కర్ర పేరో మనిషి పేరో తెలిసేది కాదు. మొదటి పేజీలో తన పేరు క్రింద ‘ఆరాకష్’ అని వ్రాసుకున్నాడు. ఆరా అంటే రంపం, ఆరాకష్ అంటే రంపం లాగేవాడు. ఆ మాట ఇప్పటి పిల్లలకు తెలియదు, పని అంతకంటె తెలియదు. మనిషి లోతు గొయ్యి తవ్వి, దానిమీద దుంగను అడ్డంగా పెట్టి, ఒకడు పైన, ఒకడు గొయ్యిలో నిలబడి నిలువురంపం లాగేవారు. పైవాడు గీత చూసుకుంటాడు, క్రిందివాడి కళ్ళల్లో పొట్టు పడుతుంది. కూలి మాత్రం ఇద్దరికీ సమానమేనట. పైవాడు అన్న, క్రిందివాడు తమ్ముడు - చాలా ఇళ్ళలో అలాగే ఉండేది.

ఈ కుటుంబం పెద్దాయన రంపం పట్టింది రంగూన్‌లో. అందుచేత కథ బర్మా నుండి మొదలుపెట్టాలి.

మన తీరానికీ బర్మాకూ సంబంధం ఈనాటిది కాదు. గోదావరి పాయ ఒడ్డున ఉన్న కోరంగిలో ఓడలు కట్టేవారు, బాగుచేసేవారు. 1839 నవంబరు తుపాను ఆ రేవును ముంచివేసింది. రేవు పోయినా పేరు మిగిలింది. బర్మావాళ్ళు తెలుగువాళ్ళందరినీ ‘కోరంగీలు’ అనే పిలిచేవారు. విశాఖపట్నం, భీమునిపట్నం, కాకినాడ, కళింగపట్నం రేవుల నుండి స్టీమరు ఎక్కి వేలమంది రంగూన్ వెళ్ళారు. బియ్యపు మిల్లులు, రేవు, కలప మిల్లులు - కూలి పనిలో మనవాళ్ళే ఎక్కువ. వాళ్ళలో హిందువులూ ఉన్నారు, ముస్లిములూ ఉన్నారు. అక్కడివాళ్ళకు అందరూ కోరంగీలే.

టేకు వ్యాపారం ఎందుకు తరాల వ్యాపారం అయిందో తెలియాలంటే టేకు చెట్టు సంగతి తెలియాలి. పచ్చి టేకు బరువు, నీళ్ళలో మునుగుతుంది. అందుచేత బర్మా అడవులలో చెట్టును వెంటనే నరికేవారు కారు. మొదట్లో కాండం చుట్టూ బెరడు, దాని లోపలి తెల్లకర్ర కోసేసి, చెట్టును నిలబెట్టే రెండు మూడేళ్ళు ఎండనిచ్చేవారు. తరువాత నరికి, ఏనుగులతో వాగు దాకా ఈడ్పించి, వాగుకు వరద వచ్చేదాకా కాచుకునేవారు. ఆ ఏడు వానలు చాలకపోతే దుంగ అక్కడే పడి ఉంటుంది. పెద్ద నదిలోకి చేరాక తెప్పలు కట్టి రంగూన్‌కు తేలించేవారు. గుర్తు వేసిన చెట్టు మిల్లుకు చేరేసరికి అయిదారేళ్ళు గడిచినా ఆశ్చర్యం లేదు. అన్నేళ్ళు డబ్బు అడవిలో ఇరుక్కుపోతే ఏ కొత్త మనిషి తట్టుకుంటాడు? తండ్రి గుర్తు వేయించిన చెట్టును కొడుకు అమ్ముకోవడమే ఈ వ్యాపారం. అప్పు ఇచ్చేవాడు కూడా మనిషిని చూసి కాదు, ఇంటిపేరు చూసి ఇచ్చేవాడు.

ఇంగ్లీషువాళ్ళలోనూ ఇదే పద్ధతి. బొంబాయిలో వ్యాపారం చేసిన వాలెస్ సోదరులు 1863లో బాంబే బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్ స్థాపించారు. ఈ కంపెనీ దుంగల లెక్క తక్కువ చూపి రాజుకు రావలసిన సుంకం ఎగవేసిందని 1885లో బర్మా రాజసభ 23 లక్షల రూపాయల జుల్మానా వేసింది. ఇంగ్లీషువారికి కావలసింది అలాంటి సాకే. ఆ నవంబరులో యుద్ధం చేసి థీబా రాజును పట్టుకుని రత్నగిరికి తీసుకుపోయారు. ఆయన 1916లో అక్కడే చనిపోయాడు. మా క్లాసులో ఈ పాఠం వచ్చినప్పుడు నేను బోర్డు మీద రెండు బాణాలు గీస్తాను. మన బహదూర్ షా జఫర్‌ను 1858లో ఢిల్లీ నుండి రంగూన్‌కు పంపారు, ఆయన 1862లో అక్కడ కన్నుమూశాడు. బర్మా రాజును ఇటు తెచ్చారు. ఇద్దరు రాజులకూ పరాయి మట్టే దక్కింది. రెండో బాణానికి వంక మాత్రం దుంగల లెక్క!

ఆ లెక్క కూడా కాస్త చెప్పుకుందాం, ఎందుకంటే ఖాతా పుస్తకంలో సగం పేజీలు అదే. దుంగ గుండ్రంగా ఉంటుంది, పైకి సన్నబడుతుంది. దాని ఘనపరిమాణం ఎలా కొలవాలి? ఎడ్వర్డ్ హోపస్ అనే ఇంగ్లీషు సర్వేయరు 1736లో పట్టికలు అచ్చువేశాడు. దుంగ మధ్య చుట్టుకొలత తీసుకో, నాలుగుతో భాగించు, దాన్ని దానితోనే హెచ్చించు, పొడవుతో హెచ్చించు. అంతే. చుట్టుకొలత 5 అడుగులు, పొడవు 12 అడుగులు ఉన్న దుంగ ఈ లెక్కన 18 ముప్పావు ఘనపుటడుగులు. పిల్లలకు మనం చెప్పే వృత్తం సూత్రం ప్రకారం వేస్తే దాదాపు 24 అడుగులు వస్తుంది. అనగా నూటికి ఇరవై ఒక్క పాళ్ళకు పైగా లెక్కలోకే రాదు. బెరడుకు, రంపపు పొట్టుకు, పక్కబద్దలకు అది మినహాయింపు అన్నమాట. బర్మా టేకు బేరంలో ‘హోపస్ టన్ను’ అనే మాట మన రోజుల దాకా వచ్చింది. అది 50 హోపస్ అడుగులు, ఇంచుమించు 1.8 ఘనపు మీటర్లు. మా పెద్దాయన ఏ బడికీ పోలేదు గాని ఈ నాలుగో వంతు లెక్కలో ఎక్కడా తప్పలేదు. నేను కాగితం, కలం పెట్టుకుని పది దుంగలకు సరిచూశాను.

అదే 1736లో సూరత్ నుండి లవ్‌జీ నసర్వాన్‌జీ వాడియా అనే పార్సీ వడ్రంగి బొంబాయి వచ్చాడు, కంపెనీకి ఓడలు కట్టడానికి. ఆయన తరువాత కొడుకులు, మనుమలు, మునిమనుమలు - సుమారు నూట యాభై ఏళ్ళు బొంబాయి డాక్‌యార్డు పెద్ద మేస్త్రీ పదవి ఆ ఇంటిదే. 1817లో మలబారు టేకుతో వారు కట్టిన ట్రింకోమలీ అనే యుద్ధనౌక ఇంగ్లండులో హార్ట్‌ల్‌పూల్ రేవులో ఇప్పటికీ తేలుతూ ఉంది. రెండు వందల ఏళ్ళ కర్ర! తమాషా ఏమిటంటే, పైన చెప్పిన వాలెస్‌ల బాంబే బర్మా కంపెనీ చివరకు ఆ వాడియాల చేతికే వచ్చింది, ఈనాటికీ వారి గ్రూపులోనే ఉంది. మనలోనూ ఇటువంటి ఇళ్ళు లేకపోలేదు. కాలికట్ దగ్గర కల్లాయి నది ఒడ్డున మాప్పిళ్ళ ముస్లిము వర్తకుల కలప డిపోలు దేశదేశాలకు పేరు మోసినవి. ఆ మలబారు టేకు తరిగిపోతుంటేనే కలెక్టరు కొనాలీ 1840లలో నిలంబూరులో టేకు నాటించాడు. టేకును తోటగా వేయడానికి లోకంలో అదే నాంది అంటారు.

మరల మన ఆరాకష్ దగ్గరకు వద్దాం. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే కంపెనీలు బర్మా కూలీలను దింపాయి. సమ్మె తీరి మనవాళ్ళు పనిలోకి రాగానే, బర్మావాళ్ళను పొమ్మన్నారు. కొట్లాట మొదలైంది, చాలామంది తెలుగువాళ్ళు చనిపోయారు. నిజానికి ఆ రోజునే మనవాళ్ళకు అక్కడ నీళ్ళు చెల్లాయి. కాని పెద్దాయన ఆ తరువాతే వెళ్ళాడు. ఇక్కడ పని లేదు మరి.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. మార్చి 8న ఊరు జపాను వశమైంది. లక్షలమంది మన దేశస్థులు కొండలు, అడవులు దాటి నడిచి వచ్చారు, దారిలో ఎంతమంది పోయారో లెక్క లేదు. మా పెద్దాయనకు ఓడ దొరికింది. కాని ప్రాణం దక్కిందని విశాఖపట్నం చేరితే, 1942 ఏప్రిల్ 6న ఇక్కడా బాంబులు పడ్డాయి! ఖాతా పుస్తకంలో ఈ సంగతి ఒక్క వాక్యం. రంపం రంగూన్‌లోనే ఉండిపోయిందని వ్రాశాడు. బాంబుల మాట కూడా లేదు.

1962లో నే విన్ సైనిక ప్రభుత్వం వచ్చి దుకాణాలు, మిల్లులు జాతీయం చేశాక మరో విడత జనం కట్టుబట్టలతో తిరిగి వచ్చారు. విశాఖలో కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అనే పేరు అలా వచ్చినదే. ఆ పేటలో పుట్టిన పిల్లలు నా దగ్గర చదువుకున్నారు. వాళ్ళ నాయనమ్మలకు బర్మా మాటలు వచ్చు, వాళ్ళకు రావు.

విశాఖపట్నంలో రేవు 1933లో తెరిచారు. ఓడల కార్ఖానాకు 1941 జూన్‌లో రాజేంద్రప్రసాద్ గారు శంకుస్థాపన చేశారు, 1948 మార్చిలో నెహ్రూగారు ‘జల ఉష’ను నీళ్ళలోకి దింపారు. ఓడ ఉక్కుదే అయినా దాని అడుగున పెట్టే దిమ్మలు, చుట్టూ కట్టే సారువలు, సరుకు కదలకుండా బిగించే బద్దలు అన్నీ కర్రే. రేవు ఉన్నచోట కలపకు పని ఎప్పుడూ ఉంటుంది. పెద్దాయన పట్నంలో ఒక వర్తకుని అడితిలో గొయ్యి తవ్వుకుని కూలికి కోశాడు. సరుకు ఏజెన్సీ నుండి, గోదావరి నుండి వచ్చేది. భద్రాచలం, రేకపల్లి అడవుల కలపను తెప్పలుగా కట్టి పాపికొండల మధ్య నుండి రాజమండ్రికి తేలించడం అంతకు చాలా ముందు నుండే ఉంది. అందుకే రాజమండ్రి కలప అంటే ఇప్పటికీ ఒక గౌరవం.

1958లో ఆయన సొంతంగా అడితి పెట్టాడు. అప్పటికి ఆయనకు ఇద్దరు కొడుకులు. తోడు ఒక అక్క, భర్త పోయి పుట్టింటికి వచ్చిన మనిషి. ఆమె సంగతి తరువాత చెబుతాను.

గాజువాకకు ఈ కుటుంబం వచ్చింది ఉక్కు వెంట. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ ఉద్యమం 1966లో, ఇందిరాగాంధీ గారి శంకుస్థాపన 1971 జనవరిలో, ఫ్యాక్టరీని పి.వి. నరసింహారావు గారు జాతికి అంకితం చేసింది 1992 ఆగస్టులో. ఈ ఇరవై ఏళ్ళలో గాజువాక పల్లెటూరు రూపం మారిపోయింది. ఫ్యాక్టరీకి భూములిచ్చి ఊళ్ళు ఖాళీ చేసిన నిర్వాసితులకు చుట్టుపక్కల కాలనీలు వెలిశాయి. ప్రతి ఇంటికీ గుమ్మం కావాలి, కిటికీ కావాలి, శ్లాబుకు సెంట్రింగు చెక్క కావాలి. చెక్కలో డబ్బు సంపాదించినవాళ్ళను చూసి మనం గర్వపడతాం గాని, ఆ గుమ్మాలు కొన్నవాళ్ళు పాత ఇంటి గుమ్మాలు పోగొట్టుకున్నవాళ్ళని కూడా గుర్తుంచుకోవాలి. పెద్దాయన కొడుకులు హైవే పక్కన స్థలం కొని అడితిని ‘టింబర్ డిపో’ చేశారు. రంపపు గొయ్యి పోయి బ్యాండ్ సా వచ్చింది. ఆరాకష్ అనే మాట ఆ ఇంట్లో అక్కడితో ఆగిపోయింది.

తరువాతి కథ కాగితాల కథ. అడవి మీద సర్కారు పట్టు కొత్తది కాదు, మద్రాసు అటవీ చట్టం 1882 నాటిది. మన రాష్ట్రంలో 1967లో అటవీ చట్టం, దాని క్రింద 1969లో సా మిల్లుల నిబంధనలు వచ్చాయి. 1980లో కేంద్రం అటవీ సంరక్షణ చట్టం చేసింది. అన్నిటికంటె పెద్ద దెబ్బ 1996 డిసెంబరు 12న పడింది. గోదావర్మన్ తిరుముల్పాడ్ కేసులో సుప్రీం కోర్టు ఇచ్చిన ఉత్తర్వులతో దేశమంతటా అడవి కోత, సా మిల్లులు కట్టడిలోకి వచ్చాయి. లైసెన్సు లేని మిల్లు మూతబడింది, కొత్త లైసెన్సు దొరకడం గగనమైంది. అప్పటి నుండి మిల్లుకు విలువ యంత్రం వల్ల కాదు, లైసెన్సు కాగితం వల్ల. ఆ కాగితం ఎవరి పేర ఉందో వాడే యజమాని. అన్నదమ్ములు ముగ్గురు కష్టపడినా లైసెన్సు ఒక్కరి పేరనే ఉంటుంది! ఎన్ని ఇళ్ళలో దీనివల్ల మాటలు పోయాయో మీకు నేను చెప్పనక్కరలేదు.

అడవి కర్ర తగ్గాక విదేశీ దుంగలు వచ్చాయి. మలేషియా, బర్మా, ఆఫ్రికా సరుకు. తాత విడిచి వచ్చిన బర్మా నుండి మనవడికి టేకు కంటైనర్లలో వచ్చింది. అదీ ఎంతోకాలం సాగలేదు. 2014 ఏప్రిల్ 1 నుండి మియన్మారు ప్రభుత్వం కోయని దుంగల ఎగుమతిని నిలిపివేసింది. ఈలోగా అల్యూమినియం తలుపులు, ప్లాస్టిక్ కిటికీలు, రెడీమేడ్ ఫ్లష్ డోర్లు వచ్చి ఇంటికి కావలసిన కర్రే తగ్గిపోయింది.

ఇక్కడ కచ్ఛీ పటేళ్ళ గూర్చి ఒక మాట. మన రాష్ట్రంలో చాలా సా మిల్లులు వారివి. గుజరాతులోని కచ్ఛ్ నుండి కుర్రవాణ్ణి తెచ్చి డిపోలో పని నేర్పి, నాలుగేళ్ళకు వేరే ఊళ్ళో అతనికి డిపో పెట్టించి, పెట్టుబడి అందరూ తలా కాస్త వేసుకుంటారు. ఎవరిది ఎంతో పుస్తకంలో ఉంటుంది. మనవాళ్ళు వారిని చూసి అసూయపడతారు గాని ఆ పుస్తకం సంగతి నేర్చుకోరు. మనకు నేర్పేవాళ్ళు లేక కాదు. ఖురాన్ షరీఫ్‌లో అన్నిటికంటె పొడవైన ఆయత్ ఏది అని పిల్లలను అడుగుతుంటాను. నమాజు గూర్చో, రోజా గూర్చో అనుకుంటారు. కాదు, సూర బఖరాలో 282వ ఆయత్. అప్పు ఇచ్చి పుచ్చుకునేటప్పుడు వ్రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని, చిన్నదైనా పెద్దదైనా వ్రాయడానికి విసుగుపడవద్దని చెప్పే ఆయత్ అది.

ఇక ఆ అక్క సంగతి. కుర్రవాడు పుస్తకం నా దగ్గరకు తెచ్చింది తాత మీద ప్రేమతోనే అనుకున్నాను. అదీ నిజమే, కాని అసలు పని వేరే ఉంది. డిపో మూసివేస్తున్నారు. హైవే పక్క స్థలం, ఇప్పుడు దాని ధర కలప మీద వచ్చే ధర కాదు. కొడుకుల పిల్లలు పంచుకుంటుంటే, ఆ అక్క మనుమరాలు ఒకామె వచ్చి ‘మా నానీ నగలతోనే ఈ అడితి మొదలైందట, మా అమ్మ చెప్పేది’ అన్నది. నవ్వారు కొందరు. పుస్తకంలో ఉంటే చూద్దామన్నారు.

ఉంది. 1958 పేజీలో, మొదటి దుంగల కొనుగోలుకు పైన, జమ వైపు. ఆపా కంగన్‌లు, ఆరు తులాలు, అమ్మగా వచ్చిన ఆరు వందల చిల్లర రూపాయలు. ఆ పేజీలో అంతకంటె పెద్ద జమ ఇంకొకటి లేదు. ప్రక్కన మూడు మాటలు: ‘ఆపా కీ తరఫ్‌సే’. అక్క తరఫు నుండి.

తరఫు నుండి ఏమిటి? ఖర్జ్ అని ఉంటే అది అప్పు, ఆరు వందల చిల్లర ఇచ్చేస్తే తీరిపోతుంది. హిబా అని ఉంటే అది కానుక, ఎవరికీ ఏమీ రాదు. షిరాకత్ అని ఉంటే ఆమె భాగస్తురాలు, డెబ్బయ్యేళ్ళ వ్యాపారంలో, హైవే స్థలంలో ఆమె వారసులకు వాటా ఉంది. పద్దెనిమిది ముప్పావు అడుగుల దుంగను పావు అడుగు కూడా తప్పకుండా వ్రాసిన మనిషి ఆ ఒక్క మాట వ్రాయలేదు. తరువాతి పేజీలన్నీ మూడుసార్లు వెదికాను. తిరిగి ఇచ్చినట్లు ఖర్చు వైపు ఎక్కడా లేదు. ఏటా రంజాన్ నెలలో ‘ఆపా’ అని ఒక చిన్న మొత్తం మాత్రం కనిపిస్తుంది, ఆమె చనిపోయిన సంవత్సరం దాకా. అది లాభంలో వాటాయో, పండుగకు తమ్ముడు పెట్టినదో!

ఇంకొక సంగతి కూడా బయటపడింది. పెద్దాయనకు ఒక కూతురు ఉంది. తండ్రి ఆస్తిలో కొడుకు వాటాలో సగం కూతురికి అని సూర నిసాలో స్పష్టంగా ఉంది, 1937 షరియత్ చట్టం కూడా ఉంది. ఆమె పేరు పంపకంలో లేదు. ‘ఫుప్పూ మాఫ్ చేసేశారు’ అన్నాడు కుర్రవాడు. ఎప్పుడు అడిగారని అడిగితే చెప్పలేకపోయాడు. ఆమె ఇంకా ఉన్నారు, మన సొసైటీ ఈద్ మిలాప్‌కు ఏటా వస్తారు.

మొన్న శుక్రవారం అసర్ తరువాత వాళ్ళందరూ డిపోలో కూర్చున్నారు. చుట్టూ అమ్ముడుపోని దూలాలు, ఒక మూలన తుప్పుపట్టిన బ్యాండ్ సా. ఫుప్పూ కూడా వచ్చి తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్నారు. ఆ పంక్తి నన్ను చదవమన్నారు. ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి చదివాను. పెద్దవాడు మళ్ళీ చదవమన్నాడు. "మాష్టారూ, తరఫ్‌సే అంటే మీ లెక్కలో ఏమిటండీ?" అని అడిగాడు. "అక్కడ ఉన్నదే నేను చదవగలను బాబూ" అన్నాను. పుస్తకం మూసి ఫుప్పూ చేతికిచ్చాను. ఆమెకు ఉర్దూ చదవడం వచ్చు. ఇన్నాళ్ళూ ఆమెను ఎవరూ అడగలేదు.